పెద్దల్లో పెట్టే ముందు

(గత త్రైమాసికంలో జరిగిన సభ్యుల సమావేశంలో మన ఆలయ సంఘం కుటుంబ సహాయ బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

పూజ అయింది, హారతి అయింది, వంటశాలలో పులిహోర కలుపుతున్న వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఇలాంటి వేళ విడాకుల గురించీ కోర్టుల గురించీ మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అనిపించింది. కానీ మన సభ్యుల ఇళ్ళలో ఏ కష్టం వచ్చినా ముందు గుడికే తెస్తారు. అర్చన చేయించుకుని, ప్రదక్షిణం ముగించి, చెప్పుల స్టాండు దగ్గర మాలో ఎవరో ఒకరిని ఆపి, "ఒక్క నిమిషం మాట్లాడాలండీ" అంటారు. ఆ ఒక్క నిమిషం గంటవుతుంది. కాబట్టి ఈ మాటలు దేవుడి సన్నిధికి దూరమైనవేమీ కావు.

ముందుగా మా తప్పొకటి ఒప్పుకుంటాం. ఆ దంపతుల అనుమతి తీసుకుని, వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాం.

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న జంట మా దగ్గరకు వచ్చారు. అతనికి ఇక్కడ మంచి ఉద్యోగం. ఆమె డిపెండెంట్ పాస్ మీద ఉంది. పాపకు నాలుగేళ్ళు. అత్తగారు, మామగారు ఊరినుంచి వచ్చి నెలలయింది. ఇంట్లో మాటా మాటా పెరిగింది. పెద్దల్లో పెడదామని అతని తండ్రే అన్నారు. మేము ఐదుగురం కమిటీ గదిలో కూర్చున్నాం. అందరం అరవై దాటినవాళ్ళమే. ముప్పావుగంట విన్నాం. తరువాత చెప్పేశాం: అత్తగారు ఇంకో మూడు నెలలుంటారు, అమ్మాయి కాస్త సర్దుకుపోవాలి, అబ్బాయి ఇంటి ఖర్చు ఆమె చేతికివ్వాలి. ఇద్దరూ తలూపారు. ప్రసాదం పెట్టి పంపించి, ఒక సంసారం నిలబెట్టామని సంతోషించాం.

మూడో వారంలో ఆమె పాపను తీసుకుని విజయవాడ వెళ్ళిపోయింది. అతను ఇక్కడ కేసు వేశాడు. ఆమె అక్కడ ఫిర్యాదు ఇచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ పాప తండ్రిని చూడలేదు.

చాలా కాలం తరువాత ఆమె మాలో ఒకరితో అన్న మాట ఇది: "ఆ రోజు మీరంతా నేనేం చెయ్యాలో చెప్పారు పిన్నిగారూ. నాకేం కావాలో ఒక్కరూ అడగలేదు."

ఆ మాట దగ్గరే మేము ఆగిపోయాం. పంచాయితీకీ మధ్యవర్తిత్వానికీ తేడా అంతా ఆ మాటలోనే ఉంది. ఇవాళ మీకు చెప్పదలుచుకున్నదీ అదే.

పంచాయితీలో పెద్దమనుషులు వింటారు, పెద్దమనుషులే తేలుస్తారు. మధ్యవర్తిత్వంలో, అంటే కోర్టువారు మీడియేషన్ అనేదానిలో, మధ్యవర్తి వింటాడు, అడుగుతాడు, అటు మాట ఇటు వాళ్ళకు అర్థమయ్యేలా చేస్తాడు. తేల్చేది మాత్రం ఆ ఇద్దరే. ఎవరిది తప్పో చెప్పడం అతని పని కాదు. ఇక ముందు ఈ పిల్లలు ఎక్కడుండాలి, ఈ ఇల్లు ఏమవ్వాలి, ఖర్చు ఎవరు ఎంత భరించాలి అన్నదే అక్కడి ప్రశ్న.

మనకిది కొత్తేమీ కాదు. శ్రీకృష్ణ రాయబారం మనందరికీ తెలుసు. అర్ధరాజ్యం అడిగే హక్కున్నవాళ్ళు ఐదూళ్ళిస్తే చాలనే దాకా దిగివచ్చారు. గెలుపు మాట పక్కన పెడితే, మనిషికి నిజంగా ఎంత చాలు అన్నది బయటికి తీయడమే రాయబారం పని. ఆ రాయబారం ఫలించలేదు, నిజమే. సాక్షాత్తు పరమాత్మ వెళ్ళినా ఒక పక్షం ససేమిరా అంటే ఒప్పందం కుదరదు. మధ్యవర్తి ఎవరినీ బలవంతపెట్టలేడని మనకు అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు ఈ దేశపు పద్ధతి చెబుతాం. మేము లాయర్లం కాము. మీ కేసు సంగతి లాయరునే అడగాలి. కానీ దారి ఎటు పోతుందో అందరికీ తెలిసి ఉండాలి.

సింగపూర్‌లో ముస్లిమేతరుల పెళ్ళి, విడాకులు, భరణం, పిల్లల సంగతులు విమెన్స్ చార్టర్ అనే చట్టం కిందికి వస్తాయి. అది 1961 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఇక్కడి హిందువుల్లో కూడా ఒక మగవాడు ఒకరికి మించి పెళ్ళాడటానికి అడ్డులేదు. ఒక్క భర్తకు ఒక్క భార్యే అన్న నియమం ఆ చట్టంతోనే వచ్చింది. ఆ తరువాత 2014 అక్టోబరులో కుటుంబ వ్యవహారాల కోసమే ఫ్యామిలీ జస్టిస్ కోర్టులు ఏర్పడ్డాయి. మామూలు కోర్టులో వాది గెలవాలి, ప్రతివాది ఓడాలి. కుటుంబంలో ఒకరు ఓడితే ఇద్దరి పిల్లలూ ఓడినట్టే. అందుకే ఆ కోర్టులు వాదనకన్నా ముందు సలహాకు, మధ్యవర్తిత్వానికి చోటిచ్చాయి.

పిల్లలున్న దంపతుల విషయంలో అది వాళ్ళ ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టిన సంగతి కూడా కాదు. విడాకుల కేసు వేసినవారికి 21 ఏళ్ళ లోపు పిల్లలుంటే, కోర్టు ఏర్పాటు చేసిన కౌన్సెలింగ్‌కు, మీడియేషన్‌కు హాజరు కావాలి. 2011లో చిన్నపిల్లలున్న కుటుంబాలతో మొదలుపెట్టి, వయసు పరిమితిని అంచెలంచెలుగా ఇక్కడిదాకా పెంచారు. మీడియేషన్ నడిపే జడ్జి వేరు, ఒప్పందం కుదరకపోతే కేసు వినే జడ్జి వేరు. ఆ గదిలో మీరన్న మాటలను తరువాత మీ మీద సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. అందుకే అక్కడ మనిషి కాస్త మెత్తబడగలడు. "ఇల్లు ఆమెకే వదిలేస్తాను, పాపను మాత్రం శని, ఆదివారాలు నా దగ్గర ఉంచండి" అని ఒక తండ్రి అన్నాడనుకోండి. బేరం కుదరకపోతే రేపు కోర్టులో "నువ్వే ఇల్లు వద్దన్నావుగా" అని ఎవరూ అనలేరు.

ఒప్పందం కుదిరితే దాన్ని కోర్టు ఉత్తర్వుగా రాయిస్తారు. నోటిమాటగా మిగిలిపోదు, తప్పితే అమలు చేయించుకోవచ్చు. మన పంచాయితీ తీర్పుకు ఆ బలం లేదు.

ఇంకో దారీ ఉంది. కోర్టు గడప తొక్కకముందే మాట్లాడుకోవడం. 1997లో మొదలైన సింగపూర్ మీడియేషన్ సెంటర్‌లో శిక్షణ పొందిన మధ్యవర్తులు కుటుంబ వివాదాలూ చూస్తారు. విడాకులు, ఆస్తి, పిల్లలు, భరణం అన్నిటిమీదా ముందే ఒక అంగీకారానికి వచ్చి కాగితం పెట్టుకుంటే, సరళమైన పద్ధతిలో, మామూలుగా కోర్టుకు రావలసిన అవసరం లేకుండానే పని అవుతుంది. 2024 జులై 1 నుంచి పరస్పర అంగీకారం మీద కూడా విడాకులు అడిగే వీలు వచ్చింది. అంతకు ముందు వెంటనే విడిపోవాలంటే ఒకరి తప్పు రెండోవారు రాసి చూపించాలి. లేకపోతే మూడేళ్ళో నాలుగేళ్ళో విడిగా ఉండాలి. భార్య తాగుబోతని భర్తా, భర్త కొట్టాడని భార్యా ఉన్నవీ లేనివీ అఫిడవిట్లలో రాసుకున్న తరువాత, ఆ ఇద్దరూ ఏ ముఖంతో కూతురి పుట్టినరోజున పక్కపక్కన నిలబడతారు? ఇప్పుడు ఆ అవసరం తగ్గింది. అలాగని సులువుగా తెంచుకోమని కాదు. పెళ్ళయిన మొదటి మూడేళ్ళలో, ప్రత్యేక కష్టం ఉంటే తప్ప, ఇక్కడ విడాకులు అడగటానికి లేదు. కలిసి ఉండటానికి ఏ ప్రయత్నం చేశారు, పిల్లల సంగతి, డబ్బు సంగతి ఏం ఆలోచించారు అని చట్టం అడుగుతుంది.

ఇక మన ఇళ్ళకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి. హెచ్‌డీబీ ఇల్లు ఇద్దరి పేరా ఉంటుంది, ఇద్దరి సీపీఎఫ్ డబ్బూ అందులో ఉంటుంది. అది అమ్మితే ఎవరి సీపీఎఫ్‌కు ఎంత వెనక్కి వెళ్ళాలో లెక్క ఉంటుంది. దానికి కోర్టు దగ్గర సూత్రాలున్నాయి. కానీ పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద అమ్మాయికి రాసిచ్చిన గుంటూరు జిల్లా పొలం, అత్తగారి లాకర్లో ఉండిపోయిన నాన్‌తాడు, ఆడబిడ్డ లాంఛనాల దగ్గర మొదలైన పదేళ్ళ కోపం, ఇవన్నీ కోర్టు ఉత్తర్వులో ఎక్కడ పడతాయి? మధ్యవర్తి గదిలో వాటికి చోటుంది. "దసరాకు పిల్లవాడు తాతగారింటికి వెళ్ళాలి", "ఆదివారం ఇక్కడ తొమ్మిదింటికి, అంటే అక్కడ ఆరున్నరకు, నాయనమ్మ వీడియో కాల్ చేస్తుంది" లాంటి మాటలు కూడా ఒప్పందంలో రాసుకోవచ్చు. చిన్న విషయాలే. పిల్లవాడి బతుకు నడిచేది వాటి మీదే.

ఇంకో పెద్ద చిక్కు రెండు దేశాల మధ్య ఉంది. మనలో చాలామంది పెళ్ళి తిరుపతిలోనో అన్నవరంలోనో జరిగి, హిందూ వివాహ చట్టం కిందికి వస్తుంది. కాపురం ఇక్కడ. దంపతుల్లో ఒకరికి సింగపూర్ శాశ్వత నివాసస్థానమైనా, కేసు వేసే ముందు మూడేళ్ళుగా ఒకరు ఇక్కడే నివాసమున్నా ఈ కోర్టులో కేసు వేయవచ్చు. కానీ ఈ తీర్పు అక్కడ చెల్లుతుందా?

1991లో భారత సుప్రీంకోర్టు చెప్పిన ఒక తీర్పు మన తెలుగువాళ్ళ కేసే. 1975లో తిరుపతిలో పెళ్ళయింది. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఫిర్యాదు చేసింది. ఆ విదేశీ విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్ళి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం ఉండాలంది. దానికి మినహాయింపులూ చెప్పింది. అందులో ఒకటి, రెండో పక్షం తనంతట తానుగా అంగీకరించడం. ఇందులో మనకు పాఠం ఉంది. ఒకరికి తెలియకుండా ఒకరు తెచ్చుకున్న కాగితం సముద్రం దాటేసరికి బలం పోగొట్టుకోవచ్చు. ఇద్దరూ కూర్చుని ఒప్పుకున్నదానికి బలం ఎక్కువ. అయినా రెండు దేశాల లాయర్లకూ చూపించి సంతకం పెట్టండి.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తల్లో తండ్రో చెప్పకుండా తీసుకుపోతే తిరిగి పంపించేందుకు హేగ్ ఒప్పందం ఒకటుంది. 2011 నుంచి సింగపూర్‌లో అది అమల్లో ఉంది. భారతదేశం అందులో చేరలేదు. కాబట్టి పాపను తీసుకుని విమానం ఎక్కేస్తే, తండ్రి అక్కడి కోర్టులో మొదటినుంచీ మొదలుపెట్టాలి. మా కళ్ళముందు జరిగింది అదే.

మరో కేసు చెబుతాం. ఇదీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళినదే. 1999 ఏప్రిల్‌లో పెళ్ళయింది. మర్నాడే రెండువైపులా పెద్దలు మాటామాటా అనుకుని, తిట్టుకుని, చెప్పులు విసురుకున్నారని తీర్పులోనే ఉంది. ఒక్కరోజు కాపురం కూడా చేయకుండా ఆ జంట విడిపోయింది. కేసు మీద కేసు పడింది. చివరి తీర్పు 2013 ఫిబ్రవరిలో వచ్చింది. పద్నాలుగేళ్ళు! ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు దేశంలోని కుటుంబ కోర్టులకు ఒక మాట చెప్పింది: దంపతుల వివాదాలను మధ్యవర్తిత్వ కేంద్రాలకు పంపి చూడండి, కేసు దాకా రాకముందే మాట్లాడుకునే ఏర్పాట్లు ఆ కేంద్రాల్లో చేయండి అని. ఒక్కసారి ఆలోచించండి. చెప్పులు విసిరింది పెళ్ళికొడుకూ కాదు, పెళ్ళికూతురూ కాదు. పెద్దలు. మనలాంటి పెద్దలు.

మధ్యవర్తిత్వం దంపతులకే కాదు. ఇక్కడ తల్లిదండ్రుల పోషణ చట్టం 1995లో వచ్చింది. 60 ఏళ్ళు దాటి, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల్ని నెలకింత ఇమ్మని అడగవచ్చు. అయితే ట్రిబ్యునల్‌కు వెళ్ళే ముందు కమిషనర్ ఆఫీసులో సామరస్యంగా మాట్లాడించే ప్రయత్నం జరగాలని తరువాత సవరించారు. కొడుకు మీద కేసు వేసిన తల్లి ఆ రాత్రి అన్నం తినగలదా? ఆ సంగతి తెలిసినవాళ్ళే ఆ సవరణ చేసి ఉంటారు. అన్నదమ్ముల మధ్య, వదిన మరదళ్ళ మధ్య వచ్చిన తగాదాలకు 1998 నుంచి పనిచేస్తున్న కమ్యూనిటీ మీడియేషన్ సెంటర్ ఉంది. ఇరుగుపొరుగు గొడవలకే అనుకుంటారు చాలామంది. బంధువుల తగాదాలూ అక్కడ చూస్తారు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. దీన్ని దయచేసి మరిచిపోవద్దు. కొట్టడం, బెదిరించడం, తిండి, డబ్బు, ఫోను, పాస్‌పోర్టు లాక్కుని మనిషిని కట్టిపడేయడం ఉన్నచోట మధ్యవర్తిత్వం మొదటి మెట్టు కాదు. భయపడే మనిషి మనసులో మాట ఎలా చెబుతుంది? అక్కడ ముందు కావలసింది రక్షణ. కోర్టు ఇచ్చే పర్సనల్ ప్రొటెక్షన్ ఆర్డర్ అందుకే ఉంది. హింసకు గురైనవారి కోసం 24 గంటలూ పనిచేసే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1800-777-0000. ప్రాణాపాయం ఉంటే 999. "మా ఇంటి పరువు" అని మనలో ఎవరైనా అంటే, ఆ మాటను మన్నించకండి. పాస్ ఏమవుతుందో అన్న భయంతో దెబ్బలు ఓర్చుకుంటున్న ఆడపిల్లలు ఉండవచ్చు. డిపెండెంట్ పాస్‌కు పెళ్ళే ఆధారం కాబట్టి ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఒంటరిగా భయపడకుండా ముందుగా అడగాలి.

ఇక మా సంగతి. ఆ పాప వెళ్ళిపోయిన తరువాత మేము కొన్ని నిర్ణయాలు తీసుకున్నాం. ఈ సభలో మీ ముందు మళ్ళీ చెబుతున్నాం, మమ్మల్ని మీరు అడగటానికి.

ఇకమీదట మేము తీర్పు చెప్పం. ఎవరు వచ్చినా వేరువేరుగా వింటాం. ఆడవాళ్ళ మాట వినడానికి మాలో ఆడవాళ్ళే ఉంటారు. మొదటి ప్రశ్న "ఏం జరిగింది" కాదు, "మీకేం కావాలి". తరువాత ఎటు వెళ్ళాలో చెబుతాం: దగ్గరలోని ఫ్యామిలీ సర్వీస్ సెంటర్, సిండా వారి కుటుంబ సేవలు, మీడియేషన్ సెంటర్, లాయరు. సిండా చందా మీలో చాలామంది జీతం స్లిప్పులో ప్రతినెలా పోతూనే ఉంది. 1991 నుంచీ ఉన్న ఆ సంస్థను కష్టకాలంలో ఉపయోగించుకోవడానికి మొహమాటమెందుకు? ఇంగ్లీషులో కష్టమైతే తోడు వస్తాం, బయట కుర్చీలో కూర్చుంటాం. లోపలికి రాం. మాకు చెప్పినది వంటశాల దాకా కూడా వెళ్ళదు.

పెద్దవాళ్ళకు ఒక విన్నపం. కొడుకు మీద, కూతురి మీద ప్రేమ ఉంటే ఆ గదిలోకి మీరు వెళ్ళకండి. పిల్లాణ్ణి చూసుకుంటాం, మీరు వెళ్ళి మాట్లాడుకు రండి అనండి. ఆ రెండు గంటలూ మనవణ్ణి ఆడించడమే మీరు చేయగల గొప్ప రాయబారం.

చిన్నవాళ్ళకు ఒక విన్నపం. ఆలస్యం చేయకండి. అఫిడవిట్ రాశాక కన్నా రాయకముందు, టికెట్ కొన్నాక కన్నా కొనకముందు రండి.

ఆ జంట సంగతి చెప్పలేదు కదూ. వాళ్ళు చివరికి ఫ్యామిలీ కోర్టు మధ్యవర్తి ఎదుట కూర్చున్నారు. అక్కడ ఆమెను అడిగారట, ఆ రోజుల్లో మీకు కావలసింది ఏమిటని. రెండే చెప్పింది: తన పేర ఒక బ్యాంకు ఖాతా, పాప పాస్‌పోర్టు ఎక్కడుందో తనకు తెలియడం. అత్తగారు ఎన్నాళ్ళుండాలన్నది ఆమె జాబితాలోనే లేదు. మేము ముప్పావుగంట మాట్లాడినది మాత్రం దాని గురించే. అతను ఆ రెండూ విని, "ఇంతేనా, నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడట. అప్పటికి ఆలస్యమైంది. కాపురం నిలబడలేదు. కానీ ఆమె ఇక్కడే ఉద్యోగం చూసుకుంది. పాప తల్లి దగ్గర ఉంటుంది, శని, ఆదివారాలు తండ్రి దగ్గర. డిసెంబరు సెలవుల్లో సగం విజయవాడలో.

మొన్న ఉగాదికి ఆ పాప ఈ వేదిక మీదే పాట పాడింది. తల్లి ముందు వరసలో కూర్చుంది. తండ్రి వెనక స్తంభం పక్కన నిలబడ్డాడు. పాట అయ్యాక పాప ఉగాది పచ్చడి రెండు కప్పులు తీసుకుని, ఒకటి అమ్మకిచ్చి, రెండోది పట్టుకుని మనుషుల మధ్యనుంచి నాన్న దగ్గరకు నడిచింది. మేము వడ్డన బల్ల వెనక నిలబడి చూశాం. మాలో ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మీ ఇంట్లో అవసరం రాకూడదనే స్వామిని కోరుకుంటున్నాం. వస్తే మాత్రం, చెప్పుల స్టాండు దగ్గర మమ్మల్ని ఆపండి. ఈసారి వింటాం.

 ప్రసాదం తీసుకుని వెళ్ళండి.